నానో ఎరువులకు ఉల్లి పరీక్ష

ఉల్లిగడ్డను నీళ్ల గ్లాసు మీద నిలబెడితే రెండు మూడు రోజుల్లో తెల్లటి వేర్లు దిగుతాయి. ఆ వేరు కొసకు రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే, విడిపోతున్న కణాలు కనిపిస్తాయి. ఉల్లికి ఉన్నవి 16 క్రోమోజోములే, అవీ పెద్దవి. ఒకటి తెగినా, రెండు అతుక్కున్నా కంటికి దొరికిపోతుంది. ఏదైనా పదార్థం కలిపిన నీళ్లలో వేర్లు పెంచి, అది జన్యువులకు హాని చేస్తుందేమో చూడటానికి 1938 నుంచి శాస్త్రవేత్తలు నమ్ముతున్న పరీక్ష ఇది. పెద్ద ఖర్చూ లేదు.

వేలూరులోని విఐటి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో వెండి నానో కణాలపై, అంటే కంటికి కనిపించనంత సన్నని వెండి రేణువులపై, ప్రచురించిన అధ్యయనానికి వాడిందీ ఈ ఉల్లి వేళ్లనే. మామూలు వేళ్లలో విభజన దశలో ఉన్న కణాలు 60 శాతం. 100 పీపీఎం (లీటరు నీటికి 100 మిల్లీగ్రాముల) మోతాదు దగ్గర అవి 28 శాతానికి పడిపోయాయి. క్రోమోజోములు ముద్దకట్టాయి, తెగిపోయాయి. 2012లో అమెరికా శాస్త్రవేత్తలు కాపర్ ఆక్సైడ్ నానో కణాలు పెట్టి చూస్తే ముల్లంగి మొలకల డీఎన్ఏ కూడా దెబ్బతింది. లోహం అంత సన్నగా మారితే దాని ఉపరితలం విపరీతంగా పెరుగుతుంది. అప్పుడు మొక్క కణంలో చురుకైన ఆక్సిజన్ రూపాలు పుట్టుకొచ్చి డీఎన్ఏ మీద పడతాయి.

ల్యాబులో వాడిన మోతాదులు పొలంలో పడేవాటికంటే ఎక్కువే కావచ్చు. నానో ఎరువుల్లో ఒకటైన నానో యూరియా లోహం కాదు కాబట్టి ఈ ఫలితాలను దానికి అంటగట్టకూడదు. కానీ 2024లో నానో జింక్, నానో కాపర్ ద్రవ ఎరువులకూ కేంద్రం అనుమతిచ్చింది. అవి మన మిరప, వరి చేలల్లోకి వచ్చేవే. పైగా కూలి కలిసొస్తుందని రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టడం మన పల్లెల్లో మామూలు. రైతును తప్పుపట్టి లాభం లేదు, ఆ ఖర్చులు అలాంటివి. ఆ కలగలుపులో నానో కణాలు ఏం చేస్తాయో చూడకుండా సీసా మీద మోతాదు రాస్తే సరిపోదు.

కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2020లోనే నానో వ్యవసాయ ఉత్పత్తులకు మార్గదర్శకాలు ఇచ్చింది. మేం కోరేది ఇంకాస్త ముందుకు వెళ్లమని. అమ్మకానికి వచ్చే ప్రతి లోహ నానో ఎరువుకూ జన్యు హాని పరీక్ష జరగాలి. ఉల్లితో మొదలుపెట్టి, వాడబోయే పంట మీదా, దాని విత్తనం నుంచి వచ్చిన రెండో తరం మీదా చేయాలి. ఫలితాలు కంపెనీ ఫైళ్లలో ఉండిపోతే ఏం ప్రయోజనం? అందరికీ అందుబాటులో పెట్టాలి. సీసా మీద నానో కణం సైజు, లోహం పేరు తెలుగులో అచ్చు వేయాలి. ఎన్జీ రంగా, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఈ పని అప్పగించి, రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ వచ్చే ఖరీఫ్‌లోపే నిధులివ్వాలి.