ఎడిసన్ వాళ్లమ్మ ఏం చేసిందో తెలుసా?

పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నామని ఎవరైనా చెబితే, బుద్ధి ఉన్నవాళ్లెవరూ "ఎందుకు?" అని అడగరు. అడిగారా, ఎడిసన్ దిగిపోతాడు.

ఆ కథ మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. కుర్రాడు టీచరిచ్చిన ఉత్తరం తెచ్చి అమ్మ చేతిలో పెడతాడు. ఆమె కళ్లనీళ్లతో పైకి చదువుతుంది: మీవాడు మేధావి, వాడికి చెప్పే స్థాయి మా బడికి లేదు, మీరే చదివించుకోండి. ఎన్నో ఏళ్ల తర్వాత, అమ్మ పోయాక, అదే ఉత్తరం ఎడిసన్‌కి దొరుకుతుంది. అందులో ఉన్నదేమో, మీవాడికి బుర్ర సరిగా లేదు, రేపట్నుంచి పంపకండి అని. చివర్లో రెండు చేతులు జోడించిన బొమ్మ.

అలాంటి ఉత్తరం ఏదీ లేదు. ఎడిసన్ తానుగా చెప్పుకున్న సంగతి వేరు. వీడి బుర్ర సరిగా లేదని టీచరు ఇన్‌స్పెక్టరుతో అంటుంటే చెవిన పడింది, వచ్చి అమ్మకు చెప్పాడు. ఆవిడ కొడుకుని వెంటబెట్టుకుని బడికెళ్లి ఆ టీచర్ని కడిగేసింది. దాచిపెట్టడాలూ లేవు, కళ్లనీళ్లూ లేవు. ఇంకో ముక్క కూడా ఫార్వర్డుల్లో ఉండదు: ఆ తల్లి నాన్సీ అంతకుముందు టీచరుగా పనిచేసిన మనిషి. కాబట్టి జరిగిందల్లా పిల్లాణ్ని ఒక టీచరు దగ్గర మాన్పించి ఇంకో టీచరు దగ్గర చేర్చడం. దీన్నే మహా తిరుగుబాటు అంటున్నారు.

1847లో పుట్టిన ఆ పెద్దమనిషి పాపం ఇంకా ఎంతమంది తల్లిదండ్రుల్ని మోయాలి? ఇంట్లో చదివి ఎడిసన్ కానివాళ్ల జాబితాను ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. అది ఫోన్లో పట్టదు.

ఎడిసన్ అలసిపోతే సర్వేలు వస్తాయి. ఇంటి చదువు పిల్లలకు మార్కులు ఎక్కువట. ఆ సర్వేల్లో పేరున్నవి చాలావరకు తమంతట తాము ముందుకొచ్చిన కుటుంబాలతో చేసినవి. కూడికల దగ్గరే కూలబడ్డ పిల్లాడి తండ్రి ఆ పరీక్షకు చెయ్యెత్తుతాడా? జిమ్ముకు రోజూ వచ్చేవాళ్లని మాత్రమే తూచి ఊరంతా సన్నబడిందని ప్రకటించినట్టుంది.

లాభాలు లేవని కాదు. అక్షరాలు తడబడే పిల్లకు ఇంట్లో ఒక పాఠం మీద నెలరోజులు కూర్చోవచ్చు. క్లాసులో గంట కొట్టగానే పాఠం వెళ్లిపోతుంది, పిల్ల మిగిలిపోతుంది. జబ్బుతో ఉన్న పిల్లలకూ, తోటివాళ్ల ఏడిపింపులకు రోజూ పొద్దున్నే కడుపునొప్పి తెచ్చుకునే పిల్లలకూ ఇల్లే నయం. 1970ల్లో అమెరికాలో ఈ ఇంటి చదువు ఉద్యమానికి ఊపు తెచ్చిన జాన్ హోల్ట్ కూడా క్లాసురూముల్లో పాఠాలు చెప్పి, వాటిని బాగుచేయడం తనవల్ల కాదని తేల్చుకున్నవాడే. ఇక, "మరి నలుగురితో కలవడం ఎలా నేర్చుకుంటారు?" అని బెంగపడే బడి పక్షం వారికో నమస్కారం. ఒకే వయసు పిల్లల్ని నలభై మందిని వరసల్లో కుదేసి, నోటిమీద వేలేసుకోమని నేర్పే కలుపుగోలుతనం మరెక్కడ దొరుకుతుంది?

కానీ నా బాధ వేరే. ఈ ఇళ్లలో కొన్నింట్లో పిల్లాడికి గ్లాసెడు నీళ్లు ఒలకబోసుకునే స్వేచ్ఛ కూడా లేదు.

చూడండి. చుట్టం వచ్చాడు. ఎనిమిదేళ్ల కొడుకు నీళ్లు తెస్తూ తూలాడు, గ్లాసు బోర్లాపడింది. మామూలు ఇంట్లో అయితే ఒక తిట్టు, ఒక గుడ్డ, అంతటితో సరి. ఇక్కడ తల్లి చెయ్యెత్తి అందర్నీ ఆపేసింది. "ఎవరూ తుడవకండి! కన్నా, ఈ మడుగు వైశాల్యం ఎంతుంటుంది?" కన్నా గుడ్డ కోసం చూస్తున్నాడు. "గుడ్డ తర్వాత. ముందు ఊహించు. నీళ్లు అటువైపే ఎందుకు పారాయి? నేల వాలు ఎటుంది? నదులు కూడా ఇంతేనా?" స్కేలు వచ్చింది. స్కేలు తర్వాత గ్లోబు వచ్చింది. నీళ్లు మాత్రం చుట్టానికి ఇంకా రాలేదు. తండ్రి ఫోను తీశాడు. "వెలుతురు సరిగా పడలేదురా, ఇంకోసారి ఒలకబొయ్యి." రెండోసారి ఒలకబోశాడు. మూడోసారి సహజంగా రాలేదన్నారు. నీరు ఆవిరై మేఘమయ్యే ఘట్టం దాకా వచ్చేసరికి ఆ మడుగు నిజంగానే సగం ఆరిపోయింది. అప్పుడు వాడు మెల్లిగా అడిగాడు.

"అమ్మా, ఇంక ఆడుకోడానికి వెళ్లనా?"

"ఇది ఆటే కదా కన్నా!"

బడిలో అయితే సాయంత్రం గంట కొడతారు. ఈ పిల్లాడికి గంట కొట్టేదెవరు?

2020లో బళ్లన్నీ మూతపడి ప్రపంచవ్యాప్తంగా 150 కోట్లకు పైగా పిల్లలు ఇంటిపట్టున ఉన్నారు. భిన్నాల భాగహారం దగ్గరికి వచ్చేసరికి ఎంతమంది తల్లిదండ్రులకు టీచర్ల మీద గౌరవం పుట్టుకొచ్చిందో అందరికీ గుర్తే. దాన్ని కూడా మర్చిపోయాం.

చట్టాలది ఇంకో తమాషా. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లి తీరాలి, ఇంటి చదువు దాదాపు కుదరదు. ఫ్రాన్స్‌లో ఒకప్పుడు చెబితే చాలు, 2022 నుంచి అనుమతి తీసుకోవాలి. అమెరికాలోని టెక్సస్‌లో, పిల్లల్ని మొదట్నుంచీ ఇంట్లోనే చదివించేవాళ్లు సర్కారుకి ఒక్క మాట చెప్పక్కర్లేదు. ఆ టెక్సస్ పద్ధతినే స్వర్గమని మెచ్చుకునేవాళ్లున్నారు. నాకు నవ్వు ఆగిపోయేది ఇక్కడే.

బడికెళ్లే పిల్ల చేతిమీద వాత కనిపిస్తే, "ఇదేమిటమ్మా?" అని అడగడానికి కనీసం ఒక టీచరుంటుంది, పక్క బెంచీ పిల్ల ఉంటుంది. ఇంట్లోంచి బయటికి రాని పిల్లను ఎవరు చూస్తారు? తమ్ముళ్లను చూసుకోవడానికి ఇంట్లో ఉంచేసి, దానికి చదువని పేరు పెట్టిన పిల్లను ఎవరు లెక్కపెడతారు? అమ్మకు రాలేదు కాబట్టి లెక్కలు భిన్నాల దగ్గరే ఆగిపోయాయని పదిహేడో ఏట, పరీక్ష ఫారం ముందు కూర్చున్నప్పుడు తెలుసుకున్న పిల్లాడికి ఎవరు జవాబు చెబుతారు? అలాంటి ఇళ్లు కొన్నే అంటారు. కొన్నే. ఆ కొన్నింట్లో ఉన్నవాళ్లూ పిల్లలే కదా! ఏడాదికి ఒకసారి ఎవరో ఒకరు వచ్చి, పిల్లాడితో అరగంట విడిగా మాట్లాడి పోతామంటే స్వేచ్ఛకు సంకెళ్లని గుండెలు బాదుకుంటున్నారు. ఎవరి స్వేచ్ఛ? వాడినెవరైనా అడిగారా?

పరీక్షలు వద్దంటే మానేయండి. పాఠాలు మీ ఇష్టం. ఆ వచ్చే ఒక్క మనిషికి మాత్రం తలుపు తీయండి. నీళ్లు ఒలికిన వీడియో చూడ్డానికి లక్షమందిని ఇంట్లోకి రానిచ్చారుగా.