పంచనామా కోసం ఘాట్ రోడ్డును ఆపకండి

సాలూరు నుంచి ఒడిశా సరిహద్దులోని సుంకి మీదుగా కోరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారిలో ఒక్క లారీ అడ్డం తిరిగితే ఏమవుతుందో ఇక్కడి తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. ఘాట్ మలుపుల్లో తప్పుకునే జాగా ఉండదు. విశాఖ ఆస్పత్రికి బయల్దేరిన రోగి కూడా ఆగిపోయిన బండ్ల బారులోనే ఇరుక్కుంటాడు. ప్రతిసారీ డ్రైవర్‌ని తిట్టుకుంటాం. ఆ బండిని గంటల తరబడి రోడ్డు మీదే ఎందుకు ఉంచారని అడగం.

పంచనామా అయ్యేదాకా ముట్టుకోకూడదన్న భయం జనంలో పాతుకుపోయింది. కానీ మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ చూడండి. పాడైన బండి రాకపోకలకి ప్రమాదంగా ఉంటే, వెంటనే తీయించే అధికారం ఆ పరిధి పోలీసు అధికారికి ఉంది. గాయపడినవాళ్లని పంపించి, ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని, బండిని పక్కకి లాగించొచ్చు.

ఇది ట్రాఫిక్ జామ్ టెన్షన్ ఒక్కటే అయితే ఇంత గట్టిగా రాయను. మొదటి ప్రమాదం తొలగకుండా ఉన్న ప్రతి నిమిషానికీ రెండో ప్రమాదం జరిగే అవకాశం 2.8 శాతం పెరుగుతుందని అమెరికా రహదారుల శాఖ చెబుతుంది. అది వాళ్ల వెడల్పాటి రోడ్ల సంగతి. చలికాలం పొగమంచులో మన ఘాట్ దిగే లారీకి మలుపు అవతల ఆగిన బండి ఎలా కనబడుతుంది? అప్పుడు బలయ్యేది సాయానికి దిగిన మనిషి, టార్చి పట్టుకుని నిలబడ్డ కానిస్టేబుల్. 2019 సవరణలో వచ్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లని కేసుల నుంచి కాపాడుతుంది. వెనక నుంచి వచ్చే లారీ నుంచి కాపాడాల్సింది కోన్లు, మెరిసే జాకెట్లు, ముందు మలుపులోనే నిలబడి బండ్లు ఆపే మనిషి.

సాక్ష్యం చెరిగిపోతుందని, బీమా రాదని కొందరి వాదన. ప్రాణం పోయిన చోట ఆ జాగ్రత్త అవసరమే. అయితే ప్రమాద స్థలం, ఫొటోలు అక్కడికక్కడే నమోదు చేయడానికి పోలీసుల చేతిలో ఈ-డార్ యాప్ ఉంది.

అసలు చిక్కు సరిహద్దు. సుంకి దగ్గర బండి పడితే క్రేన్ సాలూరు నుంచి రావాలా, కోరాపుట్ నుంచా? ఆంధ్రలోని ఇచ్ఛాపురం, ఒడిశాలోని గిరిసోలా మధ్య జరిగితే ఎవరు రావాలి? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం (భారతీయ నాగరిక సురక్షా సంహిత) ప్రకారం నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఫిర్యాదుకి లేని హద్దు క్రేన్‌కి ఎందుకు? 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీతకి అటూ ఇటూ మన చుట్టరికాలు ఆగలేదు, వైద్యం ఆగలేదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్ల బతుకు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ప్రభుత్వాలే ఇంకా గీత దగ్గర ఆగిపోతున్నాయి.

కోరాపుట్, పార్వతీపురం మన్యం కలెక్టర్లు కలిసి కూర్చోవాలి. సుంకిలో ఉమ్మడి ఖర్చుతో ఒక పెద్ద క్రేన్ రాత్రింబవళ్లు ఉంచాలి. ఏ రాష్ట్రం నుంచి ఫోన్ వచ్చినా అది కదలాలి. ఫోన్ ఎత్తే మనిషికి తెలుగు, ఒడియా రెండూ రావాలి.