‘ఒక ఆర్‌ఎంపీ చాలు’ అని పంపుతున్నవాళ్ళకి

ఈ నెలలో అబార్షన్ గురించిన ఆ మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. మా ఎంబీబీఎస్ బ్యాచ్ గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, పెళ్ళిలో కలిసిన దూరపు బంధువుల గ్రూపులో. నిన్న రాత్రి మా పెదనాన్నగారి అబ్బాయి పంపాడు. అన్నయ్య కూతురు నీట్ పీజీ రాసి కౌన్సెలింగ్ కోసం చూస్తోంది. మెసేజ్ కింద అన్నయ్య ఒక్క ముక్క రాశాడు: “చదివి చెప్పమ్మా, పిల్ల గైనిక్ తీసుకుంటానంటోంది, నాకేమో టెన్షన్‌గా ఉంది.” అంతకుముందు ఐదుసార్లూ ఊరుకున్నాను. ఇప్పుడు మా ఇంటి పిల్ల చదువు దాకా వచ్చింది కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

మెసేజ్ చూడనివాళ్ళ కోసం అందులో ఏముందో చెప్తాను. మన దేశంలో అబార్షన్ నేరమట, చేసిన డాక్టరు జైలుకి పోతుందట. భర్త సంతకం లేకుండా చేస్తే ఇంకా పెద్ద కేసట. 20 వారాల దాకా ఒక ఆర్‌ఎంపీ చాలని చట్టమే చెప్తోంది కాబట్టి గైనిక్ చదువుకి విలువ లేదట. గైనిక్ తీసుకుంటే మనసు ఒప్పుకోకపోయినా అబార్షన్లు చేసి తీరాలట. అమెరికా వెళ్ళినా అక్కడా జైలేనట. చివరగా, గైనిక్ చేసిన అమ్మాయికి సంబంధాలు రావట.

చివరిదానికి జవాబు అక్కర్లేదు. నా బ్యాచ్‌మేట్లందరికీ పెళ్ళిళ్ళయ్యాయి, కావాలనుకున్నవాళ్ళకి.

నేరం అన్నది పూర్తి అబద్ధమైతే ఒక్క మాటతో తేలిపోయేది. సగం నిజం కాబట్టే ఇంతమంది నమ్ముతున్నారు. మెసేజ్‌లో భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ అని నంబరుతో సహా రాశారు. ఆ సెక్షన్ ఉంది. 1860 నాటి ఐపీసీలో 312గా ఉన్నదే 2024 జూలై 1 నుంచి 88 అయింది. స్త్రీ ప్రాణం కాపాడటానికి తప్ప గర్భం పోగొడితే శిక్ష అని దాని సారం. కానీ 1972 ఏప్రిల్ 1 నుంచి ఎంటీపీ చట్టం, అంటే వైద్య పద్ధతిలో గర్భం తీయడానికి అనుమతించే చట్టం, అమల్లో ఉంది. ఐపీసీలో ఏమున్నా సరే, ఈ చట్టం చెప్పిన పద్ధతిలో గర్భం తీసిన డాక్టరు నేరస్తురాలు కాదని దాని మూడో సెక్షన్ మొదట్లోనే ఉంది. మంచి ఉద్దేశంతో, చట్టం ప్రకారం చేసిన పనికి రక్షణ ఎనిమిదో సెక్షన్‌లో ఉంది. 2021లో సవరణ కూడా వచ్చింది. 88 నంబరు వెతికి పట్టుకున్న మనిషికి ఈ చట్టం కనపడలేదా?

జనంలో ఈ అయోమయానికి ఇంకో కారణం ఉంది. ప్రతి స్కానింగ్ సెంటర్‌లోనూ “లింగ నిర్ధారణ నేరం” అని బోర్డు ఉంటుంది. అది 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం. ఆడపిల్ల అని తెలుసుకుని తీయించడాన్ని ఆపడానికి వచ్చిన చట్టం అది, అవసరమైన చట్టం. ఆ బోర్డు చూసీ చూసీ, గర్భం తీయడమే నేరమని చాలామంది మనసులో పడిపోయింది. రెండూ వేరు చట్టాలు.

ఇప్పుడు ఆర్‌ఎంపీ సంగతి. నాకు నిద్ర పట్టనివ్వనిది ఈ ఒక్క వాక్యమే. చట్టంలో ఆ మూడు అక్షరాలకి అర్థం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. మన ఊళ్ళలో ఆర్‌ఎంపీ అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఢిల్లీలో రాసిన చట్టంలోని మాట, మన పల్లెల్లో సెలైన్ పెట్టే మనిషికి పేరైపోయింది. ఎవరో ఆ ఇంగ్లిష్ వాక్యం చూసి “ఒక ఆర్‌ఎంపీ చాలు” అని తెలుగులోకి దించి లక్షలమందికి వదిలారు. ఇది ఎక్కడికి చేరుతుందో ఆలోచించారా? మూడో నెల దాటి, ఇంట్లో చెప్పుకోలేక, టౌనుకి రావడానికి బస్సు డబ్బులు లేని ఒక మనిషి ఫోన్‌కి చేరుతుంది. “చట్టమే ఒప్పుకుంటోందట” అన్న ధైర్యంతో ఆమె ఆ గదిలోకి వెళ్తుంది.

చట్టం చెప్పే ఆర్‌ఎంపీకి గుర్తింపు ఉన్న వైద్య డిగ్రీ ఉండాలి. రాష్ట్ర మెడికల్ రిజిస్టర్‌లో పేరు ఉండాలి. అంతటితో కూడా సరిపోదు. గైనిక్‌లో పీజీ డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఉండాలి. లేదంటే ఆ విభాగంలో ఆరు నెలల హౌస్ సర్జన్సీ గానీ, ఆసుపత్రిలో కనీసం ఏడాది అనుభవం గానీ ఉండాలి. 25 కేసుల్లో సాయపడి, వాటిలో కనీసం ఐదు సొంతంగా చేసిన ఎంబీబీఎస్ డాక్టరుకి కూడా 12 వారాల వరకే అనుమతి. చోటు కూడా ప్రభుత్వాసుపత్రి అయినా కావాలి, లేదా అనుమతి పొందిన ఆసుపత్రి అయినా కావాలి. ఈ అర్హత లేనివాళ్ళు గర్భం తీస్తే రెండేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా కఠిన జైలు. మెసేజ్ డాక్టర్లని భయపెట్టింది. నిజానికి ఎవరికి జైలు రాసి ఉందో వాళ్ళకేమో అభయమిచ్చింది.

దీని కొనసాగింపుగా “అబార్షన్ మాత్రల కిట్ మెడికల్ షాపులో దొరుకుతుంది కదా” అని గ్రూపుల్లో కామెంట్లు. ఆ మాత్రలు మంచివే, నేనూ రాస్తాను. తొమ్మిది వారాల లోపు, స్కాన్ చూసి రాస్తాను. మేం వారాలు లెక్కపెట్టేది ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. ఇంట్లో లెక్కపెట్టేది నెల తప్పిన రోజు నుంచి. రెంటికీ నాలుగు వారాలు తేడా. “రెండు నెలలే అండీ” అని షాపులో చెప్పిన మనిషికి అప్పటికే 12 వారాలు దాటి ఉండొచ్చు. గర్భం సంచిలో కాకుండా ట్యూబులో ఉంటే ఇంకా ఘోరం. మాత్రలు ట్యూబులో గర్భాన్ని తీయవు. కానీ బ్లీడింగ్ మాత్రం అవుతుంది. పని అయిపోయిందనుకుని ఆమె ఇంట్లో పడుకుంటుంది. ఆ తర్వాత ఒక రోజు ట్యూబు పగిలి, కడుపంతా రక్తంతో, తెల్లగా పాలిపోయి వస్తుంది. అలా స్ట్రెచర్ మీద వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. స్కాన్ చేసి చూసే మనిషి ఒకరు ముందే ఉండాల్సింది. ఆ చదువుకే విలువ లేదని రాస్తున్నారు!

భర్త సంతకం. చట్టం అడగదు. 18 ఏళ్ళు నిండిన స్త్రీ సమ్మతి చాలు, ఫారం సీ అనే సమ్మతి పత్రం మీద ఆమె సంతకం ఒక్కటే ఉంటుంది. మైనర్‌కి, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళకి మాత్రం గార్డియన్ సమ్మతి కావాలి. 2021 సవరణలో “పెళ్ళైన స్త్రీ, ఆమె భర్త” అన్న చోట “స్త్రీ, ఆమె భాగస్వామి” అని మార్చారు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ ఇంకా స్పష్టంగా చెప్పింది: 20 నుంచి 24 వారాల మధ్య గర్భం తీయించుకునే వీలు పెళ్ళికాని స్త్రీకీ వర్తిస్తుంది, చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదు. గర్భం తీయించుకున్న స్త్రీ పేరు బయట పెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు. ఈ విషయంలో డాక్టరుకి కేసు భయం ఉందంటే ఇక్కడ ఉంది, భర్త సంతకం దగ్గర కాదు.

ఇది రాసేటప్పుడు నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. పీజీ మొదటి ఏడాది. తొమ్మిది వారాల గర్భంతో ఒకావిడ ఒంటరిగా వచ్చింది, అప్పటికే ఇద్దరు పిల్లలు. “మీ ఆయన్ని తీసుకురామ్మా, సంతకం కావాలి” అన్నాను. వార్డులో అందరూ అలాగే అనేవాళ్ళు, నేనూ అన్నాను. చట్టం చదవలేదు. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. పన్నెండు రోజులకి ఒళ్ళు కాలిపోయే జ్వరంతో తిరిగొచ్చింది. ఎవరో ఊళ్ళో ఏదో పెట్టారు. బతికింది గానీ గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. అప్పుడు ఆమెకి 26 ఏళ్ళు. ఆ అబద్ధం నేనూ ఒక మనిషికి చెప్పాను. అందుకే ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేసే డాక్టర్లని చూస్తే బయటివాళ్ళ మీదకన్నా ఎక్కువ కోపం వస్తుంది. మా బ్యాచ్ గ్రూపులో దీనికి దండాలు పెట్టినవాళ్ళు తొమ్మిదిమంది.

“ఇష్టం లేకపోయినా చేసి తీరాలి” అన్నదానికి: గర్భం తీయవచ్చు అని చట్టం అంటుంది గానీ, ఫలానా డాక్టరు తీసి తీరాలని అనదు. మనసు ఒప్పనివాళ్ళు నాకు తెలుసు, వాళ్ళు పేషెంటుకి సర్దిచెప్పే పని పెట్టుకోకుండా చేసేవాళ్ళ దగ్గరికి పంపుతారు. నేను వాళ్ళని గౌరవిస్తాను. అయితే ఆ పని నేర్చుకోకుండా గైనిక్ చదవడం కుదరదు. మనం తెలుగులో “అబార్షన్ అయింది” అంటాం, “చేయించుకుంది” అంటాం. దానంతట పోయిన గర్భంలో ముక్క మిగిలిపోతే, ముత్యాల గర్భం (బిడ్డ బదులు సంచిలో నీటి బుడగల్లాంటివి పెరగడం) వస్తే, కడుపులో బిడ్డ గుండె ఆగిపోతే, చేసే పని అదే, వాడే పరికరాలూ అవే.

అమెరికా గురించి రాసినదాంట్లో కొంత నిజముంది. 2022 జూన్ 24న అక్కడి సుప్రీంకోర్టు పాత అబార్షన్ హక్కుని కొట్టేశాక ఏ రాష్ట్రానికా చట్టం అయింది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో గర్భం తీసిన డాక్టరుకి యావజ్జీవం దాకా శిక్ష, కనీసం లక్ష డాలర్ల జరిమానా. న్యూయార్క్‌లో, కాలిఫోర్నియాలో అలా కాదు. రెసిడెన్సీకి వెళ్ళే పిల్లలు రాష్ట్రం చూసుకుని అప్లై చేసుకోవాలి, అంతవరకు ఒప్పుకుంటాను.

కానీ భయపెట్టే చట్టం కింద డాక్టర్ల చెయ్యి ఆగితే ఏమవుతుందో మనకి అమెరికా కంటే దగ్గరి ఉదాహరణ ఉంది. సవితా హలప్పనవార్ బెళగావి అమ్మాయి, డెంటిస్టు, 31 ఏళ్ళు. ఐర్లాండ్‌లోని గాల్వేలో 17వ వారంలో గర్భం నిలవదని తేలింది. తీసేయమని అడిగింది. బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటోందని తీయలేదు. ఒంటికి విషమెక్కి 2012 అక్టోబర్ 28న చనిపోయింది. 2018లో ఐర్లాండ్ ప్రజలు 66.4 శాతం ఓట్లతో ఆ నిషేధాన్ని రద్దు చేసుకున్నారు. సవితకి అలాంటి పరిస్థితి మన దగ్గర వచ్చి ఉంటే, మన చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తల్లి ప్రాణం కాపాడటానికి వెంటనే తీయాలంటే ఎన్ని వారాలన్న లెక్కే లేదు, ఒక్క డాక్టరు నిర్ణయం చాలు.

అన్నయ్యా, నీ భయంలో నాకు సరైనవిగా కనపడేవి రెండున్నాయి, ఆ మెసేజ్‌లో అవి రెండూ లేవు. పదిహేడేళ్ళ పిల్ల గర్భంతో వస్తే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కింద పోలీసులకు చెప్పక తప్పదు. పేరు ఇవ్వనక్కర్లేదని 2022 తీర్పులోనే ఉన్నా, స్టేషన్‌లో పేరే అడుగుతారు. వాళ్ళతో వాదించి అలిసిపోయిన రోజులున్నాయి. రెండోది లింగ నిర్ధారణని ఆపే చట్టం కింద స్కానింగ్ మిషన్ దగ్గర నింపే ఫారం ఎఫ్. అందులో ఒక గడి వదిలేసినా కేసు అవుతుంది. అది సడలించమని గైనకాలజిస్టుల సంఘం వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2019లో కొట్టేసింది. ఈ రెంటి గురించి నీ కూతురికి నేనేమీ దాచను. ఇంకో మాట కూడా చెప్తాను: మన చట్టం ఇప్పటికీ నిర్ణయాన్ని డాక్టరు చేతిలోనే పెట్టింది, గర్భం మోసే స్త్రీ చేతిలో కాదు. నాకది నచ్చదు. కానీ అలా ఉన్నన్నాళ్ళూ ఆ కుర్చీలో చట్టం చదివినవాళ్ళు కూర్చోవాలి.

పిల్లని రేపు నాకు ఫోన్ చేయమను. కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు వారం రోజులు ఇక్కడికొచ్చి నాతో ఓపీలో కూర్చోమను. సోమవారం రద్దీ ఎక్కువ, ఆదివారమే వచ్చేయమను. ఆ తర్వాత కూడా వద్దనుకుంటే వేరే బ్రాంచ్ తీసుకోనీ, నేనేమీ అనను. నువ్వు మాత్రం ఆ మెసేజ్ ఎవరెవరికి పంపావో ఆ గ్రూపులన్నిట్లో ఇది పెట్టు.