పెళ్లికి తథాస్తు, విడాకులకు వాయిదా

మన తెలివితేటల మీద చట్టానికున్న అభిప్రాయం రోజును బట్టి మారుతుంది. పెళ్లి చేసుకునే రోజున మనం మహాజ్ఞానులం. వయసు నిండిందా, పాత పెళ్లి ఏదైనా మిగిలి ఉందా, ఇద్దరూ మరీ దగ్గరి బంధువులా, మతిస్థిమితం ఉందా అన్నవి తేలితే చాలు, తథాస్తు. ఆ చివరి విషయంలోనూ వచ్చినవారి మాటే నమ్ముతారు. ఆదాయమెంత, అప్పులెన్ని, కోపమొస్తే చేతికి అందినది విసురుతారా, పిల్లలు కావాలా వద్దా అని ఏ అధికారీ అడగడు. అడిగితే అది వ్యక్తిగత స్వేచ్ఛలో జోక్యం. కొన్నేళ్లకు అదే ఇద్దరూ విడిపోతామని కలిసికట్టుగా వెళ్తే మాత్రం ఒక్కసారిగా పసిపిల్లలైపోతారు. బాగా ఆలోచించుకున్నారా? ఇంటికెళ్లి మళ్లీ ఆలోచించుకోండి. ఆరు నెలలయ్యాక కనబడండి.

దీన్ని అన్యాయం అనేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. చట్టం పెద్దమనిషి. పెద్దమనుషులు చేసే ప్రతి పనికీ కారణం ఉంటుంది, అది మనకు అర్థం కాకపోవడం మన లోపం. ఆ కారణాన్ని వెలికితీసి, చట్టం గౌరవాన్ని కాపాడాలన్న సదుద్దేశంతోనే ఇది రాస్తున్నాను.

ముందుగా అమెరికాలోని నెవాడా రాష్ట్రానికి నమస్కారం. లాస్ వేగాస్‌లో పెళ్లి లైసెన్సులిచ్చే కార్యాలయం సెలవు రోజుల్లో కూడా పొద్దున ఎనిమిది నుంచి అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది. రక్తపరీక్ష లేదు, నిరీక్షణ లేదు. ఆ రాష్ట్రానిది మరో ఘనత కూడా. మిగతా రాష్ట్రాలు విడాకులను బిగబట్టి కూర్చున్న రోజుల్లో, 1931లో, ఆరు వారాలు తమ గడ్డ మీద నివాసం ఉంటే చాలు విడాకులిస్తామంది. దేశం నలుమూలల నుంచీ భార్యలూ భర్తలూ రీనో పట్టణానికి రైళ్లెక్కి వచ్చి, అద్దె గదుల్లో రోజులు లెక్కపెట్టుకున్నారు. అదే 1931లో ఆ రాష్ట్రం జూదాన్ని కూడా చట్టబద్ధం చేసింది. రెండు చట్టాల వెనకా ఉన్నది ఒకే అవగాహన అని నా అనుమానం.

చైనా సంగతి మరింత ముచ్చటైనది. 2021 జనవరి 1 నుంచి అక్కడ పరస్పర అంగీకారంతో విడాకులకు దరఖాస్తు చేసుకున్న జంట ముప్పై రోజులు చల్లబడాలి. ఈలోగా ఏ ఒక్కరు మనసు మార్చుకున్నా దరఖాస్తు చెల్లదు. ముప్పై రోజులూ గడిచాక మరో ముప్పై రోజుల్లోపు ఇద్దరూ స్వయంగా వచ్చి ధ్రువపత్రం అడగాలి. రాకపోతే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే. అంటే విడాకులు కావాలంటే ఆ ఇద్దరూ తమ కాపురంలో ఎన్నడూ చూపని సమయపాలనా, సమన్వయమూ చూపాలి. ఇక పెళ్లి విషయానికొస్తే, 2025 మే నుంచి సొంత ఊరి నివాస పుస్తకం కూడా అక్కర్లేకుండా దేశంలో ఎక్కడైనా నమోదు చేసుకోవచ్చన్నారు. లోపలికి వచ్చే తలుపును వెడల్పు చేసి, బయటికి పోయే తలుపుకు ఇంకో గడియ పెట్టారన్నమాట. జననాల సంఖ్య తగ్గిందని దిగులు పడుతున్న ప్రభుత్వం అంతకన్నా ఏం చేస్తుంది?

అయితే ఈ శాస్త్రంలో గురుపీఠం ఇంగ్లండుదే. 1857కు ముందు అక్కడ ఒక పెళ్లిని రద్దు చేసి మరో పెళ్లికి వీలు కల్పించాలంటే పార్లమెంటు కూర్చుని చట్టం చేయాల్సి వచ్చేది. జంటకో చట్టం. ఒకటిన్నర శతాబ్దంలో అలాంటివి మూడు వందల పైచిలుకు చేశారు. భార్యలు అడిగి సాధించుకున్నవి వాటిలో నాలుగు. 1857లో ఈ పనిని కోర్టులకు అప్పగిస్తూ ఒక సూక్ష్మమైన తేడా పాటించారు. భార్య పరాయి సంబంధం పెట్టుకుంటే, ఆ ఒక్క తప్పుతో భర్తకు విడాకులు వస్తాయి. భర్త తప్పు చేస్తే సరిపోదు, దానికి క్రూరత్వమో, ఇల్లు విడిచి పోవడమో తోడవ్వాలి. మగవాడి తప్పు ఒంటరిగా వస్తే కోర్టు గుర్తుపట్టేది కాదు. ఈ చూపు సరిచేసుకోవడానికి 1923 దాకా పట్టింది.

సరిచేసుకున్నాక కూడా అసలు చిక్కు అలాగే ఉంది. విడాకులు కావాలంటే ఒకరు దోషి, ఒకరు నిర్దోషి కావాలి. ఇద్దరికీ ఇష్టమైతే అది కుమ్మక్కు, కాబట్టి ఇవ్వరు. ఒకరికి అసలు ఇష్టం లేకపోతేనే ఇస్తారు. ఈ నియమానికి అక్కడి మర్యాదస్తులు 1920, 30 దశకాల్లో ఒక ఉపాయం కనిపెట్టారు. భర్త సముద్రతీరంలోని ఏదో హోటలుకు వెళ్లి, ముక్కూ మొహం తెలియని ఒక స్త్రీకి డబ్బిచ్చి ఒకే గదిలో ఉండేవాడు. పొద్దున పనిమనిషి టీ తెచ్చి ఇద్దరినీ కళ్లారా చూసి, తర్వాత కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పేది. చాలా సందర్భాల్లో ఆ రాత్రి పేకాటతోనే గడిచేదంటారు. నిజం చెబితే ఇవ్వనిదాన్ని అబద్ధం నటిస్తే ఇచ్చే ఏర్పాటు ఇది. వివాహ వ్యవస్థ పవిత్రతను ఇన్నేళ్లు భద్రంగా నిలబెట్టింది ఇలాంటి పనిమనుషులే. అట్లాంటిక్ అవతల న్యూయార్క్‌లోనూ 1966లో చట్టం సవరించే వరకు ఇదే నాటకం. కాకపోతే వాళ్లు ఫోటోగ్రాఫర్‌ను కూడా పిలిచేవారు.

ఈ నిబంధనల ముందు చక్రవర్తికి కూడా మినహాయింపు లేదని చెప్పడానికి 1936 చూడండి. అప్పట్లో మన దేశానికి కూడా చక్రవర్తి అయిన ఎనిమిదో ఎడ్వర్డ్, వాలిస్ సింప్సన్‌ను పెళ్లి చేసుకోవాలనుకున్నాడు. ఆమె భర్త కూడా పద్ధతి ప్రకారం ఒక హోటలు గదిలో దొరికిపోయాడు. అక్టోబరులో ఆమెకు విడాకులు మంజూరయ్యాయి, కానీ అవి తాత్కాలికం. ఆరు నెలలు ఆగితేనే ఖాయమవుతాయి. ఈలోగా కుమ్మక్కు జరిగిందేమో చూసే ఒక అధికారి ఉండేవాడు, అతని హోదా పేరు కింగ్స్ ప్రాక్టర్. అంటే రాజుగారి పేరుతో రాజుగారి ప్రేమ వ్యవహారాన్ని ఆరా తీసే ఉద్యోగి. డిసెంబరు 10న ఎడ్వర్డ్ సింహాసనాన్ని వదులుతూ సంతకం చేశాడు. మర్నాటికల్లా పార్లమెంటు ఆమోదించింది, సామ్రాజ్యం చేతులు మారింది. భూగోళంలో నాలుగో వంతును వదులుకోవడానికి బాగా ఆలోచించుకున్నారా, ఆరు నెలలాగి రండి అని అతన్ని ఎవరూ అడగలేదు. ఆమె మాత్రం తన రెండో భర్త నుంచి విముక్తికి మే దాకా ఆగింది. అన్నాళ్లూ ఆమె ఫ్రాన్స్‌లో, అతను ఆస్ట్రియాలో. కలిసి కనబడితే ఉన్న విడాకులు కూడా పోతాయని భయం.

ఇంగ్లండులో ఈ నమ్మకం ఎంత గట్టిదంటే, 2018లో కూడా, దాదాపు నాలుగు దశాబ్దాల కాపురం తర్వాత ఈ పెళ్లిలో నేను సుఖంగా లేనని మొరపెట్టుకున్న ఒక మహిళను అక్కడి సుప్రీంకోర్టు వెనక్కి పంపింది. భర్త ఒప్పుకోలేదు, ఆయన తప్పు చాలినంత లేదు, కాబట్టి విడిగా ఉంటున్న కాలం అయిదేళ్లు నిండే వరకు, అంటే 2020 దాకా, భార్యగా ఉండాల్సిందే. తీర్పు చెప్పిన న్యాయమూర్తులే ఇబ్బంది పడ్డారు. చివరికి 2022 ఏప్రిల్ నుంచి ఎవరి తప్పూ చూపనక్కర్లేదన్నారు. అయినా దరఖాస్తుకూ తర్వాతి మెట్టుకూ మధ్య ఇరవై వారాలు ఉంచారు. అలవాటు ఒక్కసారిగా పోదు కదా.

ఐర్లండ్ ఈ నిరీక్షణను ఏకంగా రాజ్యాంగంలోనే రాసుకుంది. 1995లో ప్రజాభిప్రాయ సేకరణలో విడాకులు బొటాబొటీ మెజారిటీతో గట్టెక్కినప్పుడు, గడిచిన అయిదేళ్లలో నాలుగేళ్లు విడిగా ఉండాలన్న షరతు పెట్టారు. దాన్ని తీసేయడానికి 2019లో మళ్లీ దేశమంతా ఓటు వేయాల్సి వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో ముస్లింలకు తప్ప మిగిలినవారికి విడాకులే లేవు. కావాలంటే పెళ్లి మొదటి రోజు నుంచే చెల్లలేదని నిరూపించుకోవచ్చు. ముగ్గురు పిల్లల తల్లిదండ్రులకు మీకు అసలు పెళ్లే కాలేదని చెప్పడం విడాకులకన్నా సంస్కారవంతమైన పని అని వారి ఉద్దేశం.

ఇక మన చట్టం. దీనికి నేను అందరికన్నా పెద్ద అభిమానిని.

1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఇద్దరూ ఇష్టపడి విడిపోయే మార్గం మొదట లేనే లేదు. 1976లో 13బి సెక్షన్ చేర్చారు. ముందు ఏడాది విడిగా ఉండాలి. తర్వాత కలిసి పిటిషన్ వేయాలి. ఆ పైన ఆరు నెలలకు తగ్గకుండా, పద్దెనిమిది నెలలకు మించకుండా ఆగి, మళ్లీ ఇద్దరూ వెళ్లి అదే మాట చెప్పాలి. విడిగా ఉండటమంటే ఇళ్లు మారనక్కర్లేదు, ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా బతకకపోతే చాలునని 1991లో సుప్రీంకోర్టు వివరించింది. ఆ నిర్వచనం చదివి ఎంతమంది దంపతులు ఉలిక్కిపడ్డారో ఎవరూ లెక్క తీయలేదు. ఆరు నెలల గడువును తగిన సందర్భాల్లో మాఫీ చేయవచ్చని 2017లో అదే కోర్టు చెప్పింది. అయితే అందుకు విడిగా దరఖాస్తు పెట్టాలి. దాని మీద విచారణకు వాయిదాలు పడేలోగా గడువు దానంతట అదే తీరిపోయే అవకాశాన్ని అనుభవజ్ఞులైన లాయర్లు కొట్టిపారేయరు.

ఇక కోలుకోలేనంతగా చెడిపోయిన కాపురాన్ని రద్దు చేయవచ్చని చట్టంలో రాయండని 1978లో లా కమిషన్ తన 71వ నివేదికలో సూచించింది. ఆ మాట ఇప్పటికీ చట్టంలోకి ఎక్కలేదు. 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పూర్తి న్యాయం చేసేందుకు తమకు ప్రత్యేక అధికారమిచ్చే 142వ అధికరణం కింద తామైతే ఆ పని చేయగలమని తేల్చింది. కాబట్టి మీ కాపురం మామూలుగా చెడిపోతే కింది కోర్టు చాలు, పూర్తిగా చెడిపోతే ఢిల్లీ దాకా వెళ్లాలి.

నాకు అన్నింటికన్నా నచ్చేది హిందూ వివాహ చట్టంలోని తొమ్మిదో సెక్షన్. దాంపత్య హక్కుల పునరుద్ధరణ. సరైన కారణం లేకుండా విడిచి వెళ్లిన భార్యనో భర్తనో తిరిగొచ్చి కాపురం చేయమని కోర్టు డిక్రీ ఇస్తుంది. రాకపోతే ఆస్తి జప్తు చేయించవచ్చు. అనురాగం మొలకెత్తించడానికి జప్తు చేసే కోర్టు అమీనాను పంపాలన్న ఆలోచన ఏ కవికీ రాలేదు, చట్టానికి వచ్చింది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇది మనిషి శరీరం మీదా ఏకాంతం మీదా దాడి అని, రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. దీని అసలు అందం మరోచోట ఉంది. కలిసి ఉండమని డిక్రీ ఇచ్చాక ఏడాదిపాటు వాళ్లు కలవకపోతే, ఆ కలవకపోవడమే విడాకులకు కారణంగా చూపించవచ్చు. కలపడానికి వేసిన కేసే విడగొట్టడానికి దగ్గరి దారి అయింది. తెలిసిన లాయరు ముందు ఈ కేసే వేయమంటాడు.

మరి పెళ్లికి ముందు ఆగమనే చట్టమే లేదా అంటే, ఉంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. కులమో మతమో వేరైనా, ఇష్టపడి, ఆలోచించి, ఇళ్లలో యుద్ధాలు చేసి వచ్చిన జంటలు ఎక్కువగా ఆశ్రయించేది దీన్నే. వీళ్ల నోటీసును కార్యాలయంలో అందరికీ కనబడేలా అతికించి ముప్పై రోజులు ఉంచుతారు. ఎవరైనా వచ్చి అభ్యంతరం చెప్పవచ్చు. అంటే బాగా ఆలోచించుకున్నవారిని మరో నెల ఆలోచించుకోమంటారు, మొన్ననే ఒకరినొకరు చూసుకున్నవారికి రేపే శుభం.

డబ్బు సంగతి కూడా చూద్దాం. సంబంధం మాట్లాడేటప్పుడు వినిపించిన జీతం, భరణం కేసులో వినిపించే జీతం ఒకే మనిషివి అని గుర్తుపట్టడం కష్టం. మొదటిదానికి రాబోయే ప్రమోషన్లు కూడా కలుస్తాయి. రెండోదాని నాటికి ఉద్యోగం ఊడి ఉంటుంది, ఇల్లు తమ్ముడి పేరు మీదికి వెళ్లి ఉంటుంది. అటు పక్కన కూడా పెళ్లినాటికి ఉద్యోగం చేస్తున్న అమ్మాయి కేసునాటికి ఏ పనీ చేతకానిదైపోవచ్చు. అందుకే భరణం కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాపురం చేసినన్నాళ్లూ తెలియని నిజాలు ఇద్దరికీ అక్కడ తెలుస్తాయి. కొందరు దంపతులు మనసు విప్పి మాట్లాడుకున్నది బహుశా ఆ ఒక్కసారే. ఇంకో చిన్నమాట, ఇది వ్యంగ్యం కాదు: విడాకుల తీర్పు వచ్చినంత మాత్రాన బ్యాంకు ఖాతాలోనూ, బీమా పాలసీలోనూ నామినీ పేరు దానంతట అది మారదు. మీరే వెళ్లి మార్పించుకోవాలి. లేకపోతే పోయిన ప్రేమ బీమా కాగితంలో బతికే ఉంటుంది.

ఇంత పరిశీలించాక చట్టం ఉద్దేశం నాకు అర్థమైంది. ఆలోచించుకోవడం మంచిదని అది గట్టిగా నమ్ముతుంది, పెట్టాల్సిన చోటే పొరపాటున తారుమారైంది. గుమస్తా ఎవరో కాగితాలు తప్పు ఫైలులో పెట్టి ఉంటారు. అందుకే ఒక ముసాయిదా బిల్లు తయారు చేశాను. పెళ్లి చేసుకోదలచినవారు ముందుగా ఉమ్మడి పిటిషన్ వేయాలి. ఆరు నెలలు ఆగి మళ్లీ రావాలి, ఏ ఒక్కరు రాకపోయినా పిటిషన్ కొట్టేస్తారు. ఈలోగా ఆదాయం, అప్పుల అఫిడవిట్లు మార్చుకోవాలి, వంట ఎవరు చేస్తారన్న దాని మీద ప్రమాణ పత్రం జతపరచాలి. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి కౌన్సెలర్ అడుగుతాడు: కలవకుండా ఉండేందుకు ఏదైనా అవకాశం మిగిలి ఉందా, పెద్దలతో మాట్లాడి చూశారా, పుట్టబోయే పిల్లల కోసమైనా సర్దుకుపోయి ఒంటరిగా ఉండలేరా? ఎంతో అవసరమైన కేసుల్లో, ఉదాహరణకు ఇద్దరూ ఇప్పటికే ఏడాదిన్నరగా పోట్లాడుకుంటూ కూడా విడిపోలేదని రుజువైతే, న్యాయమూర్తి గడువును మాఫీ చేయవచ్చు.

ఇలాగైతే పెళ్లిళ్లే జరగవని ఒక మిత్రుడు భయపడ్డాడు. ఫ్యామిలీ కోర్టులో పనిచేసే మరో మిత్రుడికి ఆ భయం కలిగినట్టు కనబడలేదు, బిల్లు నకలు ఒకటి అడిగి తీసుకున్నాడు. బిల్లు మీద ఎవరికైనా అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా రాతపూర్వకంగా పంపవచ్చు. భార్యాభర్తలిద్దరూ ఒకే అభిప్రాయానికి వచ్చి, ఒకే కాగితం మీద సంతకం చేసి పంపిన అభ్యంతరాలను మాత్రమే పరిశీలనకు స్వీకరిస్తాను.