"నోరు కట్టుకుంటే చాలు" అనే మెసేజ్‌కు జవాబు

లావు గురించి ఒక మెసేజ్ ఫోన్లలో తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "ఊబకాయం జబ్బు కాదు, బద్ధకం. థైరాయిడ్, వంశం అన్నీ సాకులు. నోరు కట్టుకుని ఒళ్ళు వంచితే నెలలో పది కిలోలు తగ్గొచ్చు. సన్నగా ఉన్నవాళ్ళకు ఏ భయమూ లేదు. మందులూ ఆపరేషన్లూ చేతకానివాళ్ళకు." పంపేవాళ్ళలో చాలామందిది మంచి ఉద్దేశమే. కానీ ఇది చదివి సిగ్గుతో డాక్టర్ దగ్గరికే వెళ్ళడం మానేసేవాళ్ళున్నారు. ఆ నష్టం చూస్తూ ఊరుకోలేక ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"జబ్బు కాదు, బద్ధకం."

ఆరోగ్యానికి హాని చేసేంతగా ఒంట్లో కొవ్వు పేరుకుపోవడమే ఊబకాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని దీర్ఘకాలిక జబ్బుగానే లెక్కిస్తుంది. 2022 నాటికి ప్రపంచంలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఊబకాయం ఉంది. అంటే వంద కోట్ల మందికి పైనే. 1990 నుంచి పెద్దవాళ్ళలో ఇది రెట్టింపు దాటింది, టీనేజీ పిల్లల్లో నాలుగు రెట్లయింది. ఒక్క తరంలో ఇన్ని దేశాల్లో ఇంతమంది ఒక్కసారిగా బద్ధకస్తులైపోయారంటే నమ్మగలమా?

మారిందేమిటో చూపించే ప్రయోగం ఒకటుంది. 2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లోని పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 20 మందిని తమ పరిశోధనా కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీల్లో బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, మరో రెండు వారాలు మామూలు ఆహారం పెట్టింది. వాళ్ళ ముందు పెట్టిన భోజనాల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండిట్లోనూ సమానమే. ఎంత తినాలన్నది వాళ్ళ ఇష్టం. ప్రాసెస్ చేసిన ఆహారం పెట్టినప్పుడు ఆ మనుషులే రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, బరువూ పెరిగారు. రెండో రకం తిన్నప్పుడు తగ్గారు. వాళ్ళ మనోబలం రెండు వారాల్లో పెరిగీ తరగీ ఉండదు కదా. తిండి చుట్టూ ఉన్న పరిస్థితి ఆకలినే మార్చేస్తుంది. అందులోనూ నిద్ర తక్కువై, రోజంతా కుర్చీలో గడిచే జీవితమైతే చెప్పక్కర్లేదు.

"వంశం, థైరాయిడ్ సాకులు."

థైరాయిడ్ గురించి ఇందులో కొంత నిజముంది. థైరాయిడ్ తక్కువైనప్పుడు పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరే. మరి స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు? వీటివల్ల బరువు బాగానే పెరగొచ్చు. అలాగని సొంతంగా ఆపేయకూడదు, డాక్టర్‌ను అడిగి మార్పించుకోవచ్చు.

వంశం మాత్రం సాకు కానే కాదు. 1986లో డెన్మార్క్‌లో దత్తత వెళ్ళి పెద్దవాళ్ళైన 540 మందిని పరిశీలించారు. వాళ్ళ బరువుకు కన్నవాళ్ళ బరువుతో పోలిక కనిపించింది, పెంచినవాళ్ళ బరువుతో కనిపించలేదు. తిన్నదేమో పెంచినవాళ్ళ ఇంట్లోనే! 1994లో అమెరికా శాస్త్రవేత్త జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ను కనుక్కుంది. కొవ్వు కణాలు మెదడుకు "నిల్వ సరిపడా ఉంది" అని చెప్పడానికి పంపే హార్మోన్ ఇది. పుట్టుకతోనే లెప్టిన్ లేని ఇద్దరు పిల్లల గురించి 1997లో బయటికొచ్చింది. ఎంత తిన్నా తీరని ఆకలి, విపరీతమైన బరువు. తర్వాత లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెడితే ఆకలి అదుపులోకి వచ్చింది, బరువు దిగింది. అన్నాళ్ళూ ఆ పిల్లల్ని తిండిపోతులని తిట్టి ఉంటే ఎంత అన్యాయం! ఇలాంటి కేసులు చాలా అరుదు, నిజమే. మిగతావాళ్ళలో ఎన్నో జన్యువులు తలా కొంచెం ప్రభావం చూపిస్తాయి. ఆ జన్యువులుంటే లావు కావడం ఖాయమని కాదు గానీ, ఒకే ఇంట్లో ఒకే తిండి తిని ఒకరు లావెక్కి మరొకరు ఎక్కకపోవడానికి అదొక పెద్ద కారణం.

"నెలలో పది కిలోలు."

ఇక్కడ కాగితం మీద లెక్క వేసి చూద్దాం. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. పది కిలోలకు 77,000. నెలకు పంచితే రోజుకు 2,500 పైచిలుకు. చాలామంది శరీరాలు రోజంతా కలిపి ఖర్చు చేసేదే అంత ఉండదు. అంటే నెలంతా పస్తులున్నా లెక్క కుదరదు. మొదటి వారం కాటా మీద గబగబా తగ్గేది చాలావరకు నీరు. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఉంటుంది, అది ఖర్చైపోతూ తనతో పట్టుకున్న నీటిని వదిలేస్తుంది. ఆ తర్వాత కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. మరీ వేగంగా తగ్గేవాళ్ళకు పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే ముప్పు పెరుగుతుంది.

తగ్గిన తర్వాత కథ ఇంకా కష్టం. బరువు తగ్గగానే లెప్టిన్ పడిపోతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. 2011లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో ఏడాది గడిచినా ఈ హార్మోన్లు పాత స్థితికి రాలేదు. అమెరికాలో ఒక టీవీ పోటీలో భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షిస్తే, ఉండాల్సినదానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువే వాళ్ళ శరీరం ఖర్చు చేస్తోందని తేలింది. చాలామంది తగ్గిన బరువులో పెద్ద భాగం తిరిగి పెరిగారు. కరువును తట్టుకోవడానికి తయారైన శరీరం పోయిన కొవ్వును తిరిగి నింపుకోవాలని చూస్తుంది. మళ్ళీ లావయ్యారని ఎవరినైనా ఎత్తిపొడిచే ముందు ఇది గుర్తు చేసుకోవాలని నా విన్నపం.

అలాగని చేసేదేమీ లేదని కాదు. 2002లో ఫలితాలు వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో షుగర్ అంచున ఉన్నవాళ్ళకు పెట్టిన లక్ష్యం 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లాంటి వ్యాయామం. 90 కిలోల మనిషికి అది ఆరు కిలోల చిల్లర. దానికే షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది.

"సన్నగా ఉంటే భయం లేదు."

ఈ మాట నమ్మి పరీక్షలే చేయించుకోని సన్నటివాళ్ళ గురించే నాకు దిగులు. కిలోల బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేదే బీఎంఐ. 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. ఆసియా మూలాలున్నవాళ్ళకు 23 నుంచే జాగ్రత్త పడాలంటారు. కానీ కొవ్వు ఎక్కడుందో బీఎంఐ చెప్పదు. పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వే ఎక్కువ ప్రమాదకరం. అది ఇన్సులిన్ పనిని దెబ్బతీస్తుంది, షుగర్, బీపీ, ఫ్యాటీ లివర్, గుండెపోటుకు దారి తీస్తుంది. చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చినవాళ్ళు టేపుతో నడుము కొలుచుకోండి. ఆ కొలత ఎత్తులో సగం దాటకుండా ఉండాలి.

ఇక బరువు చేసే హాని గుండెతో ఆగదు. నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం, మోకీళ్ళ అరుగుదల, సంతానలేమి కూడా ఉన్నాయి. కనీసం 13 రకాల క్యాన్సర్లతో దీనికి సంబంధముందని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది.

"మందులూ ఆపరేషన్లూ చేతకానివాళ్ళకు."

బీపీ మాత్ర వేసుకునేవాళ్ళను చేతకానివాళ్ళని అంటామా? సెమాగ్లూటైడ్ లాంటి కొత్త మందులు ఆకలి సంకేతాల మీదే పనిచేస్తాయి. ట్రయల్స్‌లో ఏడాదిన్నర లోపు సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. వికారం, వాంతుల వంటి ఇబ్బందులున్నాయి, అందరికీ సరిపడవు. ఆపేసిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. ఇది దీర్ఘకాలిక జబ్బు అనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? బరువు తగ్గడానికి పొట్ట, పేగుల మీద చేసే ఆపరేషన్ విషయానికొస్తే, స్వీడన్‌లో ఏళ్ళ తరబడి సాగిన అధ్యయనంలో అది చేయించుకున్నవాళ్ళలో మరణాలు తక్కువగా నమోదయ్యాయి. ఇది ఎవరికి అవసరమో తేల్చాల్సింది డాక్టర్ మాత్రమే.

కాబట్టి బరువు మిమ్మల్ని బాధిస్తుంటే మొహమాటపడకుండా వెళ్ళండి. వాడుతున్న మందుల పేర్లన్నీ రాసుకెళ్ళండి. గురక ఉంటే చెప్పండి. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, కాలేయం పరీక్షలు అడగండి. "ముందు తిండి తగ్గించు" అని విసుక్కుని పంపేస్తే మరో డాక్టర్‌ను చూడండి.