కప్పు మీది మంచు జారి ఎక్కడికి పోతుంది?

"కప్పును ఏటవాలుగా కట్టండి, మంచు దానంతటదే జారిపోతుంది. డెక్కు పలకల మధ్య సందులుంటాయి కాబట్టి దానికి దిగులే లేదు. అయినా మంచెంత బరువుంటుంది, దూదిలాంటిదేగా!" మంచు ప్రాంతాల్లో ఇల్లు కట్టుకునేవాళ్లకు ప్రతి చలికాలమూ చేరే సలహా ఇది. డెక్కంటే ఇంటి గోడకు ఆనించి ఆరుబయట చెక్క పలకలతో వేసే అరుగు.

ముందు దూది సంగతి. అప్పుడే కురిసిన పొడిమంచు ఘనమీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది, నిజమే. అయితే రోజులు గడిచేకొద్దీ అణిగి 200, 300 కిలోలకు చేరుతుంది. దానిమీద వాన పడితే నీటిని పీల్చుకుని 400 కూడా దాటవచ్చు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న డెక్కు మీద అలాంటి తడిమంచు 60 సెంటీమీటర్లు పేరుకుంటే దాదాపు 2,900 కిలోలు, అంటే చదరపు మీటరుకు 240. అమెరికా నివాస గృహాల నియమావళి డెక్కుకు మామూలుగా అడిగే బలం చదరపు మీటరుకు సుమారు 195 కిలోలే. ఆ చోటి మంచు భారం అంతకు మించితే దానికి తగ్గట్టే కట్టాలని కూడా అందులోనే ఉంది. సలహాలిచ్చేవాళ్లు అంతదాకా చదవరు కాబోలు.

సందుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అవి నీరు కారడానికి. మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని వాటిని ఇట్టే మూసేస్తాయి.

ఇక ఏటవాలు. ఇందులో సగం నిజముంది. నున్నటి రేకు మీద, దారిలో అడ్డేమీ లేకపోతే మంచు జారుతుంది. గరుకు పెంకు మాత్రం దాన్ని పట్టి ఉంచుతుంది. పైగా గాలి ఒక వాలు మీది మంచును ఊడ్చి రెండో వాలు మీద పోస్తుంది. అప్పుడు బరువంతా ఒకే పక్కన పడుతుంది. సరే, జారిందనే అనుకుందాం. ఎక్కడ పడుతుంది? చూరు కింద డెక్కు ఉంటే దానిమీదే. తన మీద కురిసిన మంచుతోపాటు కప్పు మంచునూ అది మోయాలి, పడేటప్పటి దెబ్బనూ తట్టుకోవాలి. కప్పు మీద మంచును ఆపే కమ్మీలు బిగించవచ్చు గానీ, ఆ బరువు కప్పు మీదే నిలుస్తుంది కాబట్టి వాసాలను అందుకు సరిపడా లెక్కకట్టాలి. వీలైతే డెక్కును మంచు జారని పక్కకు మార్చడమే నయం.

"కనీవినీ ఎరుగనంత మంచు పడితే తప్ప ఏదీ కూలదు" అని ఇంకో మాట. 2006 జనవరి 2న జర్మనీలోని బాట్ రైషెన్‌హాల్‌లో ఐస్ రింక్ (మంచు మీద స్కేటింగ్ చేసే భవనం) కప్పు కూలి 15 మంది చనిపోయారు. అప్పటి మంచు భారం అనుమతించిన హద్దులోపలే ఉంది. చెక్కలు అతికించి చేసిన దూలాల్లోని జిగురు తేమకు చెడిపోవడం ప్రధాన కారణాల్లో ఒకటి.

డెక్కు విషయంలో అలాంటి బలహీనమైన చోటు, దాన్ని ఇంటి గోడకు కలిపే పలక. ఉత్త మేకులతో కొట్టి ఉంటే బరువుకు అవి మెల్లగా ఊడి వస్తాయి, అక్కడ బోల్టులుండాలి. పలకకూ గోడకూ మధ్య నీరు దిగకుండా పైన రేకు మడిచి ఉండాలి. అది లేని చోట స్క్రూడ్రైవరు మొనతో చెక్కను గుచ్చి చూడండి. మొన సులువుగా దిగిపోతే చెక్క పుచ్చినట్టే, మంచు పడకముందే పలకను మార్చాలి.