సవరణ: గొంతులో అడ్డుపడితే పొట్ట నొక్కడం పసిపిల్లలకు పనికిరాదు

గొంతులో ఏదైనా అడ్డుపడితే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన, లోపలికీ పైకీ గట్టిగా నొక్కాలని ఇంతకుముందు పోస్టులో ఉంది కదా, అది పెద్దవాళ్లకూ ఏడాది దాటిన పిల్లలకూ మాత్రమే. ఏడాది లోపు బిడ్డకు ఎట్టి పరిస్థితుల్లోనూ అలా చేయకండి, లోపల కాలేయం లాంటివి దెబ్బతినొచ్చు.

పసిబిడ్డనైతే ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల ఒంటికన్నా కిందికి ఉండేలా దవడ దగ్గర పట్టుకుని (మీ వేళ్లు గొంతును నొక్కేయకుండా చూసుకోండి, కంగారులో అదే జరుగుతుంది), రెండు భుజాల మధ్య అరచేతి కింది భాగంతో 5 సార్లు చరచాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఎముక మీద 5 సార్లు నొక్కాలి. అడ్డు బయటపడేదాకా ఇదే మార్చి మార్చి చేస్తుండాలి.

నిండు గర్భిణులకు కూడా పొట్ట కాదు, ఛాతీ మీదే నొక్కాలి.

గట్టిగా దగ్గుతున్నవాళ్లను దగ్గనివ్వండి. దగ్గు, మాట, ఏడుపు ఏదీ బయటికి రాకపోతేనే ఇవన్నీ.

నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, దయచేసి. కంటికి కనిపిస్తేనే తీయండి, లేకపోతే ఇంకా లోపలికి పోతుంది.

మనిషి స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి, అంబులెన్స్‌కు ఫోన్ చేయించి, వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి: నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు ఛాతీ నొక్కడం, నోట్లో ఏమైనా కనిపిస్తోందా చూడటం, 2 సార్లు ఊపిరి ఊదడం. అడ్డు బయటికొచ్చి మనిషి తేరుకున్నా, పొట్ట నొక్కి ఉంటే డాక్టర్‌కు చూపించాల్సిందే.